గాయపడిన తొండపిల్లకు చేయవలసిన ఉపచారము

వానలు పట్టిన నాటినుండి కార్తికము వెళ్లువరకు మన పాఠశాల గోరింట కంచెమీద తొండపిల్లలు విరివిగా కనబడును. తల్లితొండ నేలలో చిన్న గుంట త్రవ్వి, పదికి పైగా గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పి తన దారిని తాను పోవును. ఇంచుమించు ఆరేడు వారములకు పిల్లలు తమంత తామే వెలికి వచ్చును. వానికి పాలిచ్చువారు లేరు, కాచువారును లేరు. కాకి, పిల్లి, పాము వానికి పుట్టు శత్రువులు. బడి విడిచిన తరువాత రాళ్లు చేతబట్టిన మన పిల్లలు మరొక శత్రువు.

గడచిన ఆశ్వయుజములో ఏడవ తరగతి విద్యార్థులు నలుగురు ఒక జామెట్రీ పెట్టెను పట్టుకొని మా గదికి వచ్చిరి. అందులో దూదిమీద వేలెడు పొడవున్న తొండపిల్ల పడియుండెను. వెనుకకాలు ఒకటి ఈడ్చుచుండెను. తోక నడుమ చర్మము చీలి నెత్తురు గడ్డకట్టియుండెను. "సార్, దీన్ని మేమే సాకుతాము. ఏమి పెట్టేది సార్?" అని వారడిగిరి. రాయి ఎవరు విసరిరో మేము అడుగలేదు. పెట్టె పట్టుకొనిన పిల్లవాడు మాత్రము తలయెత్తలేదు.

ఏమి పెట్టవలెను అనునదే మనమందరము మొదట వేయు ప్రశ్న. ఇంటికి ఎవరు వచ్చినను ముందు తిండి సంగతి అడుగు అలవాటు మనది. తొండ విషయములో ఆ ప్రశ్న చివర రావలెను. ముందు వెచ్చదనము, తరువాత నీరు, ఆ తరువాతనే మేత. ఈ వరుసను తారుమారు చేసి మేమే ఒకప్పుడు ఒక ప్రాణిని పోగొట్టితిమి. కొన్నేండ్ల క్రిందట పిల్లినోటినుండి విడిపించిన తొండపిల్లను ఇంటికి తెచ్చి, గాజుసీసాలో ఉంచి, పుల్లతో నోరు తెరచి పాలలో తడిపిన మెతుకును, కోడిగ్రుడ్డు సొనను బలవంతముగా పెట్టితిమి. అవి మార్గశిరపు రాత్రులు. మూడవనాటికి కడుపుబ్బి అది చనిపోయినది. ఇంకను ఎక్కువ పెట్టియుండవలసినదని అప్పుడు మేము విచారించితిమి! మా తప్పు ఎక్కడ ఉన్నదో చాలకాలమునకు గాని మాకు తెలియలేదు.

మన శరీరము ఎండలోనైనను చలిలోనైనను ఇంచుమించు 37 డిగ్రీల వేడి కలిగియుండును. మనము తిను అన్నములో పెద్దభాగము ఈ వేడిని నిలుపుకొనుటకే ఖర్చగుచున్నది. తొండకు లోపల అట్టి పొయ్యి లేదు. ఉదయమున అది కంచెమీదికి ఎక్కి ఎండకు వీపు ఒగ్గి కూర్చుండుట సోమరితనము గాదు. ఆనాటి పనికి కావలసిన వేడిని సంపాదించుకొనుట. పాఠ్యపుస్తకములలో దీనిని శీతలరక్త జంతువు అందురు. ఆ మాట కొంత పొరపాటును కలిగించును. ఎండ కాగిన తొండ నెత్తురు మన నెత్తురంత వెచ్చగానే యుండవచ్చును. కాని చలిలో దాని దేహములోని పనులన్నియు మందగించును. తిన్నది అరుగదు, కడుపులోనే కుళ్లును. గాయములోని క్రిములతో పోరాడవలసిన రక్తకణములును చురుకుగా పనిచేయవు. మన హోసూరు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలపు రాత్రి ఇక్కడి గది ఆరోగ్యముగా ఉన్న తొండకే చల్లన. గాయపడినదాని సంగతి చెప్పనేల?

ఈ విషయమున 1975లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము గమనింపదగినది. అమెరికాలో మాథ్యూ క్లూగరు అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఎడారి ఇగువానా అను బల్లిజాతి జంతువులకు రోగక్రిములను ఎక్కించి, వానిని వేర్వేరు ఉష్ణోగ్రతలలో ఉంచి చూచిరి. 34 డిగ్రీలు మొదలు 42 డిగ్రీలవరకు వేడి పెరిగినకొలది బ్రతికినవాని సంఖ్యయు పెరిగినది. మనకు జ్వరము తనంత తానే వచ్చును. బల్లిజాతికి వేడిచోటును వెదకుకొని పోవుటయే జ్వరము. పెట్టెలో బంధించినచో ఆ వెదకుకొను వీలును మనమే తీసివేసినవారమగుదుము. అయితే అది ఎడారి జంతువు. ఈ సంగతి చదివి ఎవరును తొండపిల్లను 40 డిగ్రీల వేడిలో కూర్చుండబెట్టరాదు.

ఇక చేయవలసినది. చెప్పులు వచ్చు అట్టపెట్టె చాలును. మూతకు గాలిరంధ్రములు పొడిచి, అడుగున తెల్లని కాగితము పరువవలెను. మన్ను, ఇసుక, దూది వద్దు; అవి గాయమునకు అంటుకొనును. తెల్లకాగితముమీద నెత్తుటిబొట్టును, మలమును వెంటనే కనబడును. వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టె క్రింద ఒక సగమునకు మాత్రమే ఆనించవలెను. వెచ్చని వైపు ఇంచుమించు 32 డిగ్రీలు, రెండవ వైపు 26 డిగ్రీలు ఉన్నచో, తనకు ఏది కావలెనో అదియే చూచుకొనును. నీరు చల్లారినకొలది మార్చుచుండవలెను. పాతకాలపు 40 వాట్ల బల్బును పెట్టెకు వెలుపల, అట్టకు తగులకుండ, పగటివేళ వ్రేలాడగట్టుటయు మంచిదే. ఇప్పుడు ఇండ్లలోనుండు ఎల్.ఇ.డి. బల్బు వెలుగునిచ్చునే గాని చాలినంత వేడినీయదు. గాజుసీసాలో ఉంచి ఎండలో పెట్టుట మాత్రము ఎన్నడును చేయరాదు. కొద్ది నిమిషములలో అది లోపలనే ఉడికిపోవును. తొండకు చీకటియు నిశ్శబ్దమును మందుతో సమానము. కనుక గంటకొకమారు మూత తెరచి స్నేహితులకు చూపుట మానవలెను. మాకు అన్నిటికంటె కష్టమైన పని ఇదియే అయినది.

తొండ గిన్నెలోని నీటిని సాధారణముగా నీరని గుర్తింపదు. ఆకులమీది మంచుబొట్లను, వానచినుకులను నాకి త్రాగుట దాని అలవాటు. ఒక చిన్న కొమ్మను పెట్టెలో ఉంచి, ఆకులమీద నీరు చిలుకరింపవలెను. అదియు త్రాగనిచో మూతి కొనమీద ఒక్కొక్క చుక్కగా వేసిన నాకును. నోరు తెరచి పోయుట ప్రమాదము. నీరు ఊపిరి గొట్టములోనికి పోవును. కన్నులు లోతుకు పోయి, చర్మము ముడుతలు పడియున్నచో దేహములో నీరు తగ్గినదని తెలిసికొనవలెను.

గాయమును కడుగుటకు ఒక లీటరు నీటిని కాచి, 9 గ్రాముల ఉప్పు, అనగా ఇంచుమించు ఒకటిన్నర చిన్న చెంచాలు కలిపి, గోరువెచ్చగా చల్లార్చి వాడవలెను. మందుల అంగడిలో దొరకు పోవిడోన్ అయోడిన్‌ను పాలు కలుపని టీ రంగు వచ్చునంతగా నీటితో పలుచన చేసి దూదితో అద్దవచ్చును. ఇంతకు మించి ఇంటివైద్యము వద్దు. నలుగురు పిల్లల ఇండ్లనుండి ఆనాటి సాయంకాలమునకు నాలుగు సలహాలు వచ్చినవి: పసుపు సున్నము, కాఫీపొడి, ముక్కుపొడి, కిరసనాయిలు. పెద్దల మాటను త్రోసివేయుట మాకు ఇష్టము లేదు. అయినను పొడులు గాయముమీద పెంకు కట్టి లోపల చీము పట్టునట్లు చేయును; సున్నమును కిరసనాయిలును పలుచని చర్మమును కాల్చును. మనుష్యుల నొప్పిమాత్ర ముక్కయైనను అంత చిన్నప్రాణికి విషమే.

ఇచ్చట తోక సంగతి కొంత విరివిగా చెప్పవలసియున్నది. "తోక పోయినను మరల మొలచును గదా సార్!" అని మన పిల్లలు తేలికగా అందురు. ఇంటి గోడమీది బల్లికి ఆ మాట నిజము. దాని తోక వెన్నుపూసలలోనే విరుగుటకు తగిన చీలికలు ఏర్పడియున్నవి. శత్రువు పట్టినప్పుడు తోకను విడిచి పారిపోవును. పోయినచోట క్రొత్తది మొలచును. తొండ తోకకు అట్టి ఏర్పాటు లేదు. విరిగినచో విరిగినదే. కొమ్మలమీద నిలుకడకు ఆ పొడుగాటి తోక దానికి ఎంతయో అవసరము. కనుక సగము తెగిన తోకను ఇంటిలో కత్తిరింపరాదు. తొండ ముదిరి ఊసరవెల్లి యగునని సామెత చెప్పుదుము గాని, బల్లి, తొండ, ఊసరవెల్లి మూడును వేర్వేరు కుటుంబములవి. తొండ ఎంత ముదిరినను తొండయే.

కాలు విరిగినట్లు తోచినను కట్టు కట్టవద్దు. కొమ్మను తీసివేసి ఎక్కుటకు వీలులేకుండ చేసిన చాలును. నోటినుండి నెత్తురు వచ్చినను, రెండు వెనుకకాళ్లును కదలకున్నను, తోకచివర నల్లబడినను పశువైద్యుని వద్దకు పోవలెను. పిల్లి కరచినచో గాయము సూదిమొనయంత ఉన్నను ఆనాడే పోవలెను. పిల్లి ఎంగిలిలోని క్రిములు చిన్నప్రాణిని రెండుమూడు దినములలో చంపగలవు. మేము ప్రభుత్వ పశువైద్యశాలలో పాడియావుల వెనుక జామెట్రీ పెట్టెతో వరుసలో నిలుచుండుటకు సిగ్గుపడితిమి. డాక్టరుగారు నవ్వలేదు. ఎముక విరుగలేదనియు, దెబ్బకు కాలు వాచినదనియు చెప్పిరి. మందు కొలతకు దాని బరువు కావలెననిరి. మన వంటింటి త్రాసు అందుకు పనికిరాదు. బంగారపు అంగడిలో తూచగా ఒకటిన్నర గ్రాము తేలినది! నల్లబడిన తోకకొనను నాలుగవనాడు వారే కత్తిరించిరి.

మేత మూడవనాటినుండి మొదలిడితిమి. తొండ కదలుదానినే మేతగా గుర్తించును. చెదలు, చిన్న మిడుతపిల్లలు మంచివి. దాని రెండు కన్నుల నడిమి వెడల్పునకు మించిన పురుగును వేయరాదు. తినగా మిగిలిన పురుగులను రాత్రి పెట్టెలో విడువరాదు. చిమటవంటివి నిద్రించు తొండను, అందును గాయమును, కొరుకును. ప్రతిదినము కొంతసేపు లేతయెండ తగులవలెను. ఎండలోని ఒక విధమైన కిరణములచేతనే దాని ఎముకలకు సున్నము పట్టును. ఆ కిరణములు కిటికీ అద్దమును దాటి రావు. అందుచేత దోమతెర కట్టిన వెదురుబుట్టలో, సగము నీడ ఉండునట్లు, ఆరుబయట పెట్టితిమి. ముట్టుకొనిన ప్రతిసారి చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. అయిదేండ్లలోపు తమ్ములను, చెల్లెండ్రను ముట్టనీయరాదు. బల్లిజాతి మలములో మనకు విరేచనములు కలిగించు క్రిములు ఉండవచ్చును.

తొండను కొట్టుటకు మన ప్రాంతపు పిల్లలు ఒక కారణము చెప్పుదురు. శ్రీరామునికి దాహము వేసినప్పుడు ఉడుత లేతకొబ్బరినీరు తెచ్చియిచ్చెననియు, తొండ తన మూత్రమును ఇచ్చెననియు ఒక కథ. ఈ కథ ఇచ్చటి తమిళ గ్రామములలో చెప్పుదురు. మనము తొండ అనుదానిని వారు ఓణాన్ అందురు. కన్నడిగులు ఓతిక్యాత అందురు. పేర్లు మూడైనను రాయి ఒక్కటే. తల ఊపి వెక్కిరించుననియు, నెత్తురు పీల్చుననియు నేరములు మోపుదురు. పోతుతొండ తల ఊపుట ఇది నా చోటు అని మరొక పోతుకు తెలుపుటకు. దాని గొంతు ఎఱ్ఱబడుట జతకూడు కాలములో వచ్చు రంగు. అది పురుగులను తిని బ్రతుకునదే గాని ఎవరి నెత్తురును త్రాగదు.

"సాకుతాము" అను మాటకు మేమిచ్చిన సమాధానము పిల్లలకు రుచింపలేదు. తొండ కుక్కపిల్లవంటిది గాదు. మన చేతిలో కదలక యుండుట మచ్చిక గాదు, భయము. ఉడుమును పట్టి ఉంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరముకూడ. కాలు నిలదొక్కుకొని, పురుగును తరిమి పట్టగలిగి, బుట్టగోడ ఎక్కగలిగిననాడు విడువవలెనని ముందే ఒప్పందము చేసికొంటిమి. విడుచునది దొరకినచోటనే, ఎండ వచ్చిన తరువాత. రాత్రి విడిచినచో చలికి కదలలేక దేనికో ఆహారమగును.

ఇరువదియొకటవనాడు ఉదయము తొమ్మిది గంటలకు బుట్టను గోరింట కంచెవద్దకు తీసికొనిపోతిమి. మూత తీసినది ఆనాడు జామెట్రీ పెట్టె తెచ్చిన పిల్లవాడే. తొండపిల్ల చాలసేపు కదలలేదు. ఎండ కాగినది, తరువాత కొమ్మలోనికి పోయినది. సంక్రాంతి సెలవుల తరువాత మొండితోక తొండ ఒకటి కంచెమీద కనబడినదని ఆ పిల్లవాడు పరుగున వచ్చి చెప్పెను. మేము వెళ్లునప్పటికి అచ్చట ఏమియు లేదు.