విమానచోదకుని వ్రాతపరీక్షలు

కల్హేర్ పొలములమీదుగా విమానము పోవునపుడు తల యెత్తి చూడని బాలుడుగాని బాలికగాని యుండరు. దానిని నడుపువారు గొప్ప ధైర్యవంతులని యందరును తలంతురు. ధైర్యము వలయును, కాని దానికి ముందు లెక్క వలయును. విమానము నడుపు లైసెన్సు కోరువారు ఆకాశమున నెగురుట నేర్చినంత మాత్రమున చాలదు. బల్లయొద్ద గూర్చుండి కొన్ని పరీక్షలలో నుత్తీర్ణులు కావలెను. ఆ పరీక్ష లెట్టివో, మన పాఠశాల చదువు వానికెట్లు తోడ్పడునో యిచ్చట వివరింప దలచితిమి.

మన దేశమున లైసెన్సుల నిచ్చువారు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారు. జీతమునకు విమానము నడుప గోరువారికి 18 సంవత్సరములు నిండవలెను. 200 గంటలు విమానము నడిపిన యనుభవ ముండవలెను. వ్రాతపరీక్షలలో ముఖ్యమైనవి నాలుగు: దారి నిర్ణయించు నావిగేషన్, వాతావరణశాస్త్రము, వైమానిక నియమములు, విమాన యంత్రజ్ఞానము. నూటికి 70 మార్కులు రావలెను. రేడియోలో మాటలాడుటకు వేరొక పరీక్ష గలదు.

నావిగేషన్ అను పేరు విని భయపడ నక్కరలేదు. భూగోళ పాఠములో అక్షాంశములను జదివితిమి గదా! ఒక డిగ్రీకి 60 నిమిషములు. అక్షాంశమున నొక్కొక్క నిమిషపు దూరమే యొక నాటికల్ మైలు, అనగా సుమారు 1.85 కిలోమీటర్లు. ఇపుడొక లెక్క చూడుడు. గంటకు 90 నాటికల్ మైళ్లు పోవు విమానము 60 మైళ్ల దూరమును 40 నిమిషములలో చేరును. గంటకు 15 మైళ్ల వేగముతో గాలి యెదురు వీచినచో, నేలపై దాని వేగము 75 మాత్రమే. కాలము 48 నిమిషములు. గంటకు 24 లీటర్ల ఇంధనము వాడు విమానమైనచో 3 లీటర్లకు పైగా అధికముగా ఖర్చగును. ఈ లెక్క నేలమీద చేయనివారికి దాని ఫలము ఆకాశమున తెలియును.

వాతావరణ పాఠమును అట్టిదే. విమానమున ఎత్తును జూపు ఆల్టిమీటర్ నిజముగా కొలుచునది వాయుపీడనమును. నేలకు దగ్గరగా ఒక హెక్టోపాస్కల్ పీడనము సుమారు 30 అడుగుల ఎత్తునకు సమానము. పైలట్ ఆనాటి పీడనముకంటె 10 హెక్టోపాస్కళ్లు ఎక్కువగా అమర్చెనేని, సూచి సుమారు 300 అడుగులు అధికముగా జూపును. మేఘములలో కొండ యెదురైనపుడు ఆ 300 అడుగులే ప్రాణము. మన వైశాఖపు ఎండలో గాలి పలుచనగును. రెక్కలకు బలము తగ్గును. కనుక విమానము లేచుటకు మరింత దూరము పరుగిడవలెను. నియమముల సంగతియు నిట్లే సులభము: రెండు విమానములు ఎదురెదురుగా వచ్చినచో రెండును కుడివైపునకే తిరుగవలెను.

ఇక సిద్ధపడు విధము. పాత ప్రశ్నలను సంపాదించి జవాబులను కంఠస్థము చేయువారు పెక్కుమంది గలరు. అంకెలు మారినంతనే వారి జ్ఞానము చెదరిపోవును. పాత ప్రశ్నలు తమ బలమును పరీక్షించుకొనుటకు మంచివే. కాని పాఠమునకు బదులు కాజాలవు. ప్రతి లెక్కకును బొమ్మ గీసి, మెట్లన్నియు వ్రాసి, తప్పిన వానిని మరునాడు మరల చేయవలెను. ఆకాశమున రేడియో సంభాషణ ఎక్కువగా ఆంగ్లముననే జరుగును గావున, దినమున కొంతసేపు బిగ్గరగా ఆంగ్లము చదివి స్పష్టమైన ఉచ్చారణ నలవరచుకొనవలెను.

తల్లిదండ్రులకు మేమొక మాట విన్నవింతుము. ఎగురు శిక్షణకు లక్షల కొలది రూపాయలు కావలెను. కాబట్టి మొదట వైద్యపరీక్ష చేయించి, కన్నులు, చెవులు, గుండె తగియున్నవని తెలిసికొనిన పిమ్మటనే రుసుము చెల్లింపుడు. పుస్తకపు చదువునకు విమానము అక్కరలేదు, ఖర్చును స్వల్పము.

ఇది ధనవంతుల బిడ్డలకే యని నిరాశపడరాదు. 1947లో వృత్తి లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ గారికి, స్త్రీ యని ఇతర సంస్థలు సందేహింపగా, మన హైదరాబాదునందలి డెక్కన్ ఎయిర్‌వేస్ వారు ఉద్యోగమిచ్చిరి. ఆ నగరపు పాతబస్తీలో రొట్టెల దుకాణమున పనిచేయువాని కుమార్తె సయ్యిదా సల్వా ఫాతిమా గారు దాతల సాయముతో 2007లో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో జేరి, సంవత్సరముల తరబడి శ్రమించి, 2013లో వృత్తి లైసెన్సు పొందిరి.

విద్యార్థులారా, గణితమును భౌతికశాస్త్రమును పరీక్ష గడచిన వెంటనే మరచిపోవు పాఠములని యెంచకుడు. రేపు మీ వెనుక కూర్చుండు ప్రయాణికులు మీ ధైర్యమును జూచి కాదు, మీ లెక్కను నమ్మి విమాన మెక్కుదురు. ఆ నమ్మకమునకు తగినవారగుట నేటి పాఠముతోనే మొదలగును.