పాంబను వారధి

రామేశ్వర యాత్ర చేసిన తెలుగువారికి పాంబను వంతెన క్రొత్త కాదు. 1914లో ప్రారంభమైన ఆ వారధి రెండు కిలోమీటర్లకు పైగా సముద్రము మీద సాగి, మండపమును రామేశ్వర ద్వీపముతో కలిపినది. రైలు అంతటితో ఆగక ధనుష్కోటి వరకు పోయెడిది. అచ్చట ఓడనెక్కి ప్రయాణికులు సింహళమునకు చేరెడివారు.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను ఆ బాటను తుంచివేసినది. ధనుష్కోటికి పోవుచున్న ప్యాసింజరు రైలును ఉప్పెన మ్రింగినది. అందున్న నూరుమందికి పైగా ప్రయాణికులలో ఎవ్వరును మిగులలేదు. వంతెన మీది ఉక్కు దూలములు నూటికి పైగా కడలి పాలైనవి. ఓడలకు దారి యిచ్చుటకై తెరచుకొను నడిమి భాగము మాత్రము నిలిచినది.

మరమ్మతునకు మొదట ఆరు నెలల గడువు పెట్టి, పిమ్మట దానిని మూడు నెలలకు తగ్గించిరి. ఆ భారము వహించిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్, కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. అన్ని దూలములను క్రొత్తగా చేయించుటకు వ్యవధి చాలదు. కనుక మునిగిన వాటినే సముద్రము నుండి పైకి తీసి, స్తంభముల మీదికి ఎక్కించిరి. 46 దినములలో వంతెన సిద్ధమైనది.

కాని ధనుష్కోటి మార్గమును మరల వేయలేదు; ఆ ఊరు నివాసయోగ్యము కాదని ప్రభుత్వము ప్రకటించినది. తెగిన దారిని అతుకుట ఒక విద్య. ఎచ్చట అతుకవలెనో, ఎచ్చట సముద్రమునకు విడువవలెనో నిర్ణయించుట మరియొక విద్య. 2022 డిసెంబరులో పాత వంతెన మీద రైళ్లు ఆగినవి. 2025 ఏప్రిల్ 6న దాని ప్రక్కనే క్రొత్త వంతెన ప్రారంభమైనది. రామేశ్వరమునకు దారి నిలిచినది. ధనుష్కోటికి ఇసుకలోని స్టేషను గోడలే మిగిలినవి.