పాత డిజిక్యామ్ పారేయకండి!

పాత డిజిటల్ కెమెరాతో దిగిన ఫొటోలు ఇన్‌స్టాలో చూసి ముచ్చటపడుతున్నారా? కొనేముందు ఇంట్లో బీరువా ఓసారి వెతకండి. కెనాన్ పవర్‌షాట్ ‘ఎ’ సిరీస్‌లో చాలావాటికి రెండు ఏఏ సెల్స్ చాలు.

సెల్స్ వేసినా, ఆన్ చేయగానే ఆగిపోతోందా? కెమెరా పాడైందని అనుకోవద్దు. లెన్స్ కదలాలి, స్క్రీన్ వెలగాలి, ఫ్లాష్ చార్జ్ అవ్వాలి. అంత కరెంటు ఒక్కసారిగా లాగితే గోడగడియారంలో వేసే చవక సెల్స్ వోల్టేజీ పడిపోతుంది. అవే సెల్స్ గడియారంలో హాయిగా నడుస్తాయి! రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ తీసుకోండి. 1.2 వోల్టులే అయినా లోడ్‌కి తట్టుకుంటాయి. 2000 ఎంఏహెచ్ రకం బెటర్. వాడనప్పుడు బయటికి తీసేయండి.

కెమెరాతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ సీడీ పోయిందా? పర్లేదు. ఫొటోలు మామూలు జేపీజీలే. కార్డ్ రీడర్‌ని ఫోన్‌కి తగిలిస్తే వచ్చేస్తాయి. 2006 కన్నా ముందుదైతే 2 జీబీ ఎస్‌డీ కార్డే వేయండి.

ఒక్కమాట.. పాత కార్డుని ఫార్మాట్ చేసేముందు అందులో ఏముందో చూడండి. మీ చిన్నప్పటి ఫొటోలు ఇంకెక్కడా లేకపోవచ్చు!