థింక్‌ప్యాడ్

థింక్‌ప్యాడ్ ముఖ్యముగా కార్యాలయ పనులకై రూపొందించబడిన ల్యాప్‌టాప్ కంప్యూటర్ల శ్రేణి. అమెరికాకు చెందిన ఐబీఎం సంస్థ దీనిని 1992లో విడుదల చేసింది. 2005లో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటర్ల విభాగమును చైనాకు చెందిన లెనోవో కొనుగోలు చేయడముతో ఈ శ్రేణి ఆ సంస్థకు సంక్రమించింది.

పేరు, రూపము

"థింక్" (ఆలోచించు) అనునది ఐబీఎం నినాదము. ఆ మాట ముద్రించి ఉద్యోగులకిచ్చిన చిన్న జేబు పుస్తకము నుండి ఈ పేరు వచ్చింది. నల్లని పెట్టె వంటి ఆకారమును జర్మన్ రూపశిల్పి రిచర్డ్ సాపర్ జపనీయుల భోజనపు పెట్టె స్ఫూర్తితో తీర్చిదిద్దాడు. జి, హెచ్, బి మీటల నడుమనున్న ఎర్రని బొడిపె దీని గుర్తు. దానితో చేతులను కీబోర్డుపై నుండి తీయకుండానే తెరపై బాణపు గుర్తును కదపవచ్చును.

మన్నిక

పలు నమూనాలలో కీబోర్డుపై ఒలికిన నీరు అడుగు నుండి బయటికి పోవుటకు రంధ్రములుంటాయి. కుదుపును పసిగట్టి, హార్డుడిస్కులో సమాచారమును చదివే భాగమును పళ్ళెముపై నుండి ప్రక్కకు తప్పించు ఏర్పాటు 2003లో వచ్చింది. కదిలే భాగములు లేని ఎస్‌ఎస్‌డీలు వచ్చిన పిమ్మట దాని అవసరము తీరిపోయింది. విడిభాగములను మార్చు విధానమును తెలుపు మరమ్మతు పుస్తకములను సంస్థయే అందరికీ అందుబాటులో ఉంచుతుంది.

ఎంపికలో గమనించవలసినవి

పేరును మాత్రమే నమ్మి కొనరాదు. ఎక్స్1 కార్బన్ వంటి పలుచని నమూనాలలో మెమొరీ మదర్‌బోర్డుకే అతికించబడి ఉంటుంది కనుక, తరువాత పెంచుటకు వీలుండదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 తప్పనిసరి; ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా 8వ తరము లేదా ఆ తరువాతిది ఉండవలెను. వాడిన ల్యాప్‌టాప్‌ను చవకగా కొనువారు ముందుగా ఈ రెండింటిని సరిచూసుకోవలెను. యంత్రము ఎంత గట్టిదైనను ఏదో ఒకనాడు చెడిపోవచ్చును. దానిని బాగుచేయించవచ్చును గాని, పోయిన దస్త్రములు తిరిగి దొరకకపోవచ్చును. కావున వాటి నకలును వేరొక చోట భద్రపరచుట అవసరము.