వేల ఏళ్ల నాచు.. గంటలో బూడిద!

డబ్లిన్: ఐర్లాండ్ వచ్చిన కొత్తలో చలికాలం సాయంత్రాలు పల్లెల మీదుగా బస్సులో వెళ్తుంటే ఏదో పొగ వాసన వచ్చేది. కట్టెల పొగ కాదు, పిడకల పొగా కాదు. అడిగితే 'టర్ఫ్' అన్నారు. చూస్తే ఎండిన మట్టిపెళ్లలా ఉంది. మట్టి మండటమేంటని ముక్కున వేలేసుకున్నాం! తీరా అది నాచట. ఆ కథ అర్థం కావాలంటే మన ఊరి పెంటకుప్ప నుంచి మొదలుపెట్టాలి.

అక్కడ తిరిగే చక్రం
ఎండలోని శక్తిని గడ్డి పట్టుకుంటుంది. గడ్డిని గేదె తింటుంది, పాలు మనం తాగుతాం. చేయి మారినప్పుడల్లా ఆ శక్తిలో చాలాభాగం వేడిగా పోతుంది, మళ్లీ రాదు. నత్రజని, భాస్వరం అలా కాదు. పేడ, చెత్త పెంటకుప్పలో కుళ్లి ఎరువై తిరిగి చేలోకే చేరతాయి. కుళ్లబెట్టేది సూక్ష్మజీవులు.

ఇక్కడ ఆగిన చక్రం
ఐర్లాండ్‌లో 'బాగ్' అనే చిత్తడి నేలల్లో ఈ చక్రం దాదాపు ఆగిపోయింది. నిలవ నీటిలో గాలి ఆడదు. పైగా చలి, పులుపెక్కిన నీరు. సూక్ష్మజీవులు పనిచేయలేవు. స్ఫాగ్నమ్ నాచు చచ్చినా కుళ్లక, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. నేలలో నత్రజని దొరక్క సన్‌డ్యూ అనే మొక్క జిగురు ఆకులతో పురుగుల్ని పట్టి తింటుంది! 2003లో ఆఫలీ కౌంటీ క్రోహన్ కొండ దగ్గర రెండు వేల ఏళ్ల పైబడిన మనిషి దేహం గోళ్లతో సహా దొరికింది. డబ్లిన్ కిల్డేర్ వీధిలోని నేషనల్ మ్యూజియంలో ఉచితంగానే చూడొచ్చు.

కూలి పోయింది.. నేల మిగలాలి
బాగ్‌లో కాలువలు తవ్వి నీళ్లు తీసేస్తే గాలి సోకుతుంది. ఆగిన కుళ్లు మొదలై, దాచిన కర్బనం బొగ్గుపులుసు వాయువై పోతుంది. పొయ్యిలో పెడితే గంటలోనే! 1946లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా దశాబ్దాలపాటు ఈ నాచు తవ్వి ఎన్నో పల్లెలకు జీతాలిచ్చింది. 2021 జనవరిలో తవ్వకం పూర్తిగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తవ్విన చోట కాలువలు పూడ్చి మళ్లీ నీళ్లు నిలిపే పని చేపట్టింది.

పని పోతే ఇల్లు ఎలా తల్లడిల్లుతుందో పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనకు వేరే చెప్పాలా? తాతల నాటి నుంచి టర్ఫ్ కోసుకున్నవాళ్ల బాధా నిజమే. కానీ మీటరు లోతు తవ్వితే అది పూడటానికి వెయ్యేళ్లు కావాలి. ఆ అప్పు తీర్చేదెవరు?

ఆఫలీలోని క్లారా బాగ్ మీద నడవడానికి చెక్కబాట ఉంది. ఈసారి సెలవు దొరికితే పిల్లల్ని తీసుకుని వెళ్లిరండి. అడుగు వేసినప్పుడు కింద వేల ఏళ్ల ఎండ దాగి ఉందని వాళ్లకు చెప్పండి.