కల్కి కొఱకు ఎదురుచూపు

కథ నడుమ నిలిచిపోయినచో తెలుగువాడు అలిగి లేచిపోడు, కాచుకొని కూర్చుండును. ఇది సినిమాలు నేర్పిన యలవాటు కాదు. 11వ శతాబ్దమున నన్నయభట్టు అరణ్యపర్వము సగములో గంటము నిలిపెను. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని 15 పర్వములు ముగించెనే కాని, ఆ విడిచిన భాగము జోలికి పోలేదు. దానిని పూరించుటకు 14వ శతాబ్దమున ఎఱ్ఱన రావలసి వచ్చెను. ఇందొక విశేషము కలదు. మార్కండేయ మహర్షి ధర్మరాజునకు యుగధర్మములను వివరించుచు, శంబల గ్రామమున కల్కి యుద్భవించునని చెప్పు ఘట్టము ఈ అరణ్యపర్వములోనిదే. నన్నయ నిలిపిన చోటికి ఆవలిది. అనగా భారతమునందలి కల్కి ప్రస్తావన తెలుగుపద్యముగా మారుటకు తెలుగువారు దాదాపు మూడు శతాబ్దములు నిరీక్షింపవలసి వచ్చినది!

ఆ యోపిక ఇపుడు మరల పరీక్షకు నిలిచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, తార్నాక కూడలిలో, మల్కాజ్‌గిరి వీధులలో ఏ నలుగురు యువకులు కూడినను, గడియ తిరుగకమునుపే మాట 'కల్కి 2898 ఎ.డి.' ద్వితీయ భాగము మీదికి పోవుచున్నది. శ్రీ నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీ సంస్థవారు నిర్మించిన ఈ చిత్రము 2020లో ప్రకటింపబడి, 2024 జనవరి 12కు ఒకమారు, మే 9కి మరియొకమారు ముహూర్తము పెట్టుకొని, రెండును తప్పి, తుదకు జూన్ 27న వెలువడినది. మే 9 తప్పుటకు కారణము ఎన్నికలు. ఇంతకాలము కాచుకొన్నవారికి మూడు గంటల చిత్రము చూపి, కథ ముడి వేసి, 'తరువాయి పిదప' అని పంపివేసిరి. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీలలో మణిసిద్ధుడు గొల్లపిల్లవానికి మజిలీకొక కథ పూర్తిగా చెప్పెను. ఈ దర్శకునికి అంతటి దయయు లేదు.

'ఇది పిల్లల సంబరము, పెద్ద పత్రికలకేల?' యని అడుగువారు కలరు. 1947 జూలైలో పుట్టిన చందమామను తెఱచి, దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క', 'మకరదేవత' ధారావాహికల తరువాయి కొఱకు మాసమంతయు వేళ్లమీద దినములు లెక్కించినవారు నేడు తాతలై యున్నారు. ఆ పత్రికను నడిపిన నాగిరెడ్డి చక్రపాణిగార్లే విజయా సంస్థ పక్షమున 'పాతాళభైరవి'ని 1951లోను, 'మాయాబజారు'ను 1957లోను మనకిచ్చిరి. అద్భుతరసము తెలుగువారికి ఎఱవు సొమ్ము కాదు.

అయితే ఎదురుచూపులన్నియు ఒక్క జాతివి కావు. 2015 జూలై 10న 'బాహుబలి' ప్రథమభాగము ముగిసినపుడు దేశమంతయు అడిగిన ప్రశ్న ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఏల చంపెను? 2017 ఏప్రిల్ 28న సమాధానము దొరకినది, ప్రశ్నయు తీరినది. 21 నెలలు ఆ రహస్యమే జనమును నిలిపి యుంచినది. కల్కి విషయమున అట్టి రహస్యము లేదు. కల్కి పుట్టునని బడిపిల్లవాడును ఎఱుగును. కడపటి మాట తెలిసిన కథ కొఱకు ఇందఱు కాచుకొని యుండుట మాకు మిక్కిలి ముచ్చట గొల్పుచున్నది. హరికథ వినబోవువానికి సీత దొరకునని తెలియదా? ఆ దాసుగారు ఎట్లు దొరకించునో వినుటకే పోవుచున్నాడు.

కావున ఈ కథను పురాణముల ప్రక్కన నిలిపి చూచుట యుక్తము. కొందఱు పండితులకు ఈ చిత్రముపై కోపము కలదు. వారి యాక్షేపణలలో పసలేనివి లేకపోలేదు గాని, రెండు మాత్రము గట్టివి. మొదటిది కాలగణనము. పేరులోని 2898 ఎట్లు వచ్చినది? కలియుగారంభమని సంప్రదాయము చెప్పు క్రీ. పూ. 3102 మొదలుకొని 6000 ఏండ్లు లెక్కించిరి. కాని భాగవతము ద్వాదశస్కంధము ననుసరించి కలియుగ పరిమాణము 4,32,000 సంవత్సరములు. కల్కి దాని చివర రావలసినవాడు. 6000 ఏండ్లనగా ఈ యుగమునకు ఇంకను పాలపండ్లు ఊడని వయస్సు. రెండవది అశ్వత్థామ శాపము. సౌప్తికపర్వమున శ్రీకృష్ణుడు అతనికి విధించిన గడువు 3000 ఏండ్లు. పై లెక్క ప్రకారమే చూచినను ఆ గడువు క్రీస్తు పుట్టుటకు ముందే తీరిపోవలెను. శ్రీ అమితాబ్ బచ్చన్ గారి అశ్వత్థామ తన శిక్షను రెట్టింపు అనుభవించుచున్నాడు!

ఈ లెక్కల తప్పులను మేము క్షమించుచున్నాము. ఏలయన, దర్శకుడు లెక్క తప్పినను మర్మమును పట్టుకొనెను. అశ్వత్థామ చేసిన మహాపాతకమేది? నిద్రించుచున్న ఉపపాండవులను చంపుటయే కాదు. ఉత్తర గర్భమునందలి శిశువుపై బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించుట. భ్రూణహంతయైన ఆ బ్రాహ్మణునికే, యుగాంతమున మరియొక గర్భమును కాపాడు పనిని శ్రీకృష్ణుడు అప్పగించినట్లు ఈ చిత్రమున కల్పించిరి. వ్యాసుడు శపించి విడిచిన చోట ఈ కథ ప్రాయశ్చిత్తమును వెదకినది. ఆ తల్లికి సుమతి యని పేరిడుటయు ఊరక జరిగినది కాదు. కల్కిపురాణమున కల్కి జనని పేరు సుమతియే. పైగా శ్రీ ప్రభాస్ ధరించిన భైరవుడు కర్ణుడని తుదిలో తెలియుచున్నది. కర్ణుడు, అశ్వత్థామ, ఇరువురును కౌరవపక్షమువారే. గెలిచినవారి వంశమువారెవ్వరును కనబడక, ఓడినవారే కల్కి త్రోవలో ఎదురుపడుట! ఇట్టి యూహ తెలుగు తెరపై తఱచుగా కనబడునది కాదు.

ఈ భైరవుడు కర్ణుడై ఒక్క క్షణము మెఱసి, మరల కూలికి పనిచేయు భైరవుడై, ఆ గర్భిణినే ఎత్తుకొని పోవుటతో కథ నిలిచినది. ద్వితీయ భాగమునకు ప్రాణము ఇచటనే కలదు. కర్ణుని ఋణబుద్ధి ఒకప్పుడు అతనిని అధర్మమునకు కట్టివేసినది. ఈ జన్మమున ధనాశ కట్టివేయుచున్నది. ఆ కట్టు తెగుట ఎట్లు? దీనికి సరియైన సమాధానము దొరకినచో చిత్రము నిలుచును. దొరకనిచో ఎన్ని వందల కోట్ల గ్రాఫిక్సులు పోసినను బూడిదలో పన్నీరే. ప్రథమభాగమున పూర్వార్ధమంతయు భైరవుని పరిహాసములతోను, అతని మాటలాడు బండి బుజ్జితోను సాగదీసినందులకు మాకు అసంతృప్తియే మిగిలినది. అట్టి పొరపాటు మరల జరుగరాదు.

ఇక 'కాంప్లెక్సు' సంగతి. గంగ ఎండిన కాశీనగరముపై, ఆకాశమున తలక్రిందుల పిరమిడు వంటి మహానిర్మాణము నిలిచి, భూమియందలి సారమునంతయు పైకి పీల్చుకొనును. క్రింద జనము నీటిబొట్టునకై అలమటించును. కూడబెట్టిన నాణెములతో ఆ పైలోకమున ప్రవేశము కొనుక్కొనవలెననుటయే క్రిందివారి జీవితాశయము. దాదాభాయి నౌరోజీ పరాయిపాలనలో దేశధనము ఎట్లు సముద్రముదాటి పోవుచున్నదో 1901లో ప్రకటించిన గ్రంథమున అంకెలతో నిరూపించెను. ఆయన చెప్పిన ఆ కారుచిల్లి ఇచట బొమ్మకట్టి నిలిచినది. దోచువానిని ద్వేషించుట సులభము. దోచువాని యింట చోటు దొరకునా యని ఆశించు భైరవుని వంటి వారి మాట చెప్పుట కష్టము. దానిని చెప్పినందులకు దర్శకుని మెచ్చుకొనుచున్నాము. శ్రీ కమల్ హాసన్ గారి యాస్కినుడు కడపట శ్రీశ్రీ 'జగన్నాథ రథచక్రము'లను వల్లించుట విని కొందఱు నొచ్చుకొనిరి. పతితుల నోదార్చుటకు పుట్టిన గీతము పీడకుని నోట పలుకుట వినుటకు కష్టమే. కాని లోకమున అట్లు జరుగుట మనము చూడలేదా? విప్లవపు మాటలను దొంగిలించుట ప్రభువుల కెల్లప్పుడు అలవాటే.

2025 సెప్టెంబరు 18న నిర్మాతలు ఒక ప్రకటన గావించిరి. సుమతిగా నటించిన శ్రీమతి దీపికా పడుకోణె ద్వితీయ భాగమున ఉండబోదని దాని సారాంశము. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పుట మా పని కాదు. ప్రాంగణమున మాత్రము దీనిపై వాదములు చెలరేగినవి. తల్లి మొగము మాఱినచో కథ నమ్మశక్యమగునా యని ఒకరు, పాత్ర ముఖ్యము కాని నటి కాదని మరియొకరు. మాకు ఎఱ్ఱన జ్ఞాపకము వచ్చుచున్నాడు. ఆయన అరణ్యపర్వశేషమును తన పేర వెలయింపలేదు; నన్నయ శైలిని అనుసరించి, నన్నయ ప్రభువగు రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చి, రచయితను కనబడనీయక తప్పుకొనెను. సుమతి పాత్రను చేపట్టు నటికి ఇంతకంటె మంచి గురువు దొరకడు. చేయి మాఱినట్లు తెలియనిచ్చుట గొప్ప కాదు.

ఈ ప్రాంతపు యువకుల సంగతి కొంత చెప్పవలెను. 1918లో స్థాపితమై, దేశభాషయగు ఉర్దూలో ఉన్నతవిద్య నేర్పి వింత గొలిపిన ఈ విశ్వవిద్యాలయమున నేడు జిల్లాల పల్లెలనుండి వచ్చిన బిడ్డలు గ్రంథాలయపు మెట్లపైనను, చెట్లనీడలను కూర్చుండి ఉద్యోగపరీక్షలకు చదువుచుందురు. ఎదురుచూపు అననేమో వారికి ఒకరు నేర్పనక్కఱ లేదు. 2022 ఏప్రిల్‌లో 503 పదవులకు గ్రూప్-1 ప్రకటన వెలువడినది. అక్టోబరులో వ్రాసిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున 2023 మార్చిలో రద్దయినది. జూన్‌లో మరల వ్రాసిరి. సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. 2024 జూన్ 9న ముచ్చటగా మూడవమారు వ్రాసిరి. అప్పటికి 18 దినములకు కల్కి విడుదలయినది. అన్ని మారులు వాయిదాపడిన సినిమాను ఈ పిల్లలు ఎంత జాలితో క్షమించియుందురో పాఠకులు ఊహింపవచ్చును. చిత్రము ఆలస్యమైనచో వయఃపరిమితి దాటిపోదు గదా! మూడుగంటలు చీకటిలో కూర్చుండి, అన్యాయము అంతమగునని చెప్పు కథ వినుటకు వారు ఆశపడుట బాధ్యతారాహిత్యమని కొందఱు పెద్దలు చెప్పుచున్నారు. మేము ఆ మాటకు ఒప్పుకొనము.

మేము భయపడునది మరియొక దానికి. అడిక్‌మెట్టు, విద్యానగరము మీదుగా ఈ ప్రాంగణమునుండి ఆర్టీసీ చౌరస్తాకు దూరము స్వల్పము. తార్నాక ఆరాధన చిత్రశాల పేరు ఇచటి పాతకాపులందఱును ఎఱుగుదురు గాని, మొదటిదినపు సంబరము మాత్రము చౌరస్తాలోని సంధ్య, సుదర్శన్, దేవి చిత్రశాలల వద్దనే యని యువకుల పట్టుదల. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి ఆ సంధ్య చిత్రశాలలోనే 'పుష్ప' ద్వితీయ భాగపు ముందస్తు ప్రదర్శనమున తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణము విడిచినది. ఆమె కుమారుడు ప్రాణాపాయమున పడెను. ఆ చిత్రము అద్భుతకథ కాకపోయినను, ద్వితీయ భాగముపై పెంచిన యాత్రమే జనమును అచటికి తోసినది. డిసెంబరు 21న ముఖ్యమంత్రి శాసనసభలో ఇకపై ప్రత్యేక ప్రదర్శనములును, ధరల పెంపును ఉండవని ప్రకటించెను. 2025 జనవరిలోనే మరియొక పెద్ద చిత్రమునకు ధర పెంచుటకు అనుమతి వెలువడుటయు, వ్యవహారము న్యాయస్థానమున కెక్కగా దానిని వెనుకకు తీసికొనుటయు జరిగినవి. మాట యిచ్చి నెల తిరుగలేదు.

గర్భిణిని కాపాడు కథ చూచుటకు వచ్చిన తల్లులకు ద్వారమున రక్షణ లేకపోవుట మనకు సిగ్గు. కల్కి ద్వితీయ భాగము విడుదల దినము నిశ్చయమైనపుడు నిర్మాతలును, చిత్రశాలల యజమానులును, పోలీసువారును ముందుగా కూర్చుండి, టిక్కెట్టు లేనివారిని వీధి మొగనే నిలుపుటకు, లోనికి వచ్చు త్రోవయు వెలుపలికి పోవు త్రోవయు వేఱుచేయుటకు, ప్రదర్శనమునకు గంట ముందుగా తలుపులు తెఱచుటకు ఏర్పాట్లు గావింపవలెను. అర్ధరాత్రి ఆట యాడక, తెల్లవాఱిన పిదప మొదటి ఆట వేసిన నష్టపోవువారెవ్వరును లేరు. విద్యార్థికి అందుబాటు ధర టిక్కెట్లు మొదటి వారమునందును కొన్ని మిగిల్పవలెను. నటకులు మాత్రము ఆ రాత్రి తమ యిండ్లనే యుండవలెనని మా విన్నపము.