మోకాళ్ళకు తగ్గ బాత్రూం

శ్రీకూర్మం, గార వైపు పాత వరస ఇళ్ళలో మరుగుదొడ్డి ఉండేది పెరటి చివర. వంటిల్లు, నూతి గట్టు దాటాకే అది. 2014 తర్వాత స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సాయంతో కట్టుకున్నవీ చాలావరకు పెరట్లోనే లేచాయి. ఇరుకు గది, నేలబారు బేసిన్, లోపలికి తెరుచుకునే తలుపు, నీళ్ళు బయటికి పారకుండా ఓ గడప. ముప్పై ఏళ్ళ మనిషికి ఇందులో లోటేమీ కనబడదు.

పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు అమ్మ అవస్థ చూసి బాత్రూం బాగుచేయిద్దామంటారు. మాట వెంటనే టైల్స్ మీదికి పోతుంది. నన్నడిగితే, ముందు అమ్మ ఎలా లేస్తోందో చూడాలి.

కూర్చున్నచోటు నుంచి లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుంటాం, ఒళ్ళు ముందుకు వంచుతాం. బరువు పాదాల మీదికి వచ్చాక తొడ ముందరి కండరాలు మోకాళ్ళను చాపుతాయి. సీటు ఎంత కిందికి ఉంటే వాటికి అంత భారం. 2002లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కూడగట్టి చూశారు. సీటు ఎత్తు పెంచితే మోకాలి దగ్గర భ్రామకం, అంటే కీలును తిప్పడానికి కావలసిన బలం, 60 శాతం దాకా తగ్గవచ్చని తేలింది. బేసిన్ మీద గొంతుక్కూర్చుంటే మోకాలు పూర్తిగా మడుచుకుపోతుంది. కండ తగ్గి, కీళ్ళు అరిగినవాళ్ళు ఎలాగో కూర్చుంటారు. లేచేటప్పుడే చెయ్యి ఆసరా వెతుకుతుంది. అందేది కుళాయో, తలుపు గొళ్ళెమో.

మామూలు కమోడ్ సీటు సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. పెద్దవాళ్ళ కోసం 43 నుంచి 48 దాకా ఉన్నవి దొరుకుతాయి. అలాగని ఎత్తయినదే కొనెయ్యకూడదు. పొట్టి మనిషికి పాదాలు నేలకు ఆనకపోతే లేవడం మరీ కష్టం. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టి కొలవండి. సీటు అంతకన్నా కాస్త ఎత్తుంటే చాలు.

"ఆ కుర్చీ మీద నాకు అవదమ్మా" అనే మామ్మది చాదస్తం అనుకోకండి. పురీషనాళాన్ని చుట్టి ముందుకు లాగి పట్టుకునే కండరం ఒకటుంది. గొంతుక్కూర్చుంటే అది ఎక్కువ సడలి, దారి కాస్త తిన్నగా అవుతుంది. కమోడ్ మీద ఆ వంపు ఎక్కువగానే ఉండిపోతుంది. మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగితే కొంత నయం. కాళ్ళ కింద చిన్న పీట కూడా పనికొస్తుంది గానీ, లేచేముందు దాన్ని పక్కకు జరపడం మరిచిపోయేవాళ్ళకు అదే ప్రమాదం.

ఇక గోడకు రాడ్డు. "టవల్ రాడ్డుంది గదా బావూ, మళ్ళీ ఇదెందుకు?" అంటాడు మేస్త్రీ. టవల్ రాడ్డు మరలు తువ్వాలు బరువుకే. పట్టుకుని లేచే రాడ్డు 113 కిలోల బలానికి తట్టుకోవాలని అమెరికా ప్రమాణం. రాడ్డు మందం 32 నుంచి 38 మిల్లీమీటర్లు ఉంటే పిడికిలికి సరిపోతుంది. గోడకూ రాడ్డుకూ మధ్య 38 మిల్లీమీటర్ల సందుంటే వేళ్ళు దూరతాయి, మోచెయ్యి ఇరుక్కోదు. గోడ పల్చన అయితే ప్లాస్టిక్ ప్లగ్గులను నమ్మకుండా, బోల్టులు అవతలికి దూర్చి వెనక ప్లేటు వేయించాలి. సముద్రం దగ్గర ఊరు కాబట్టి ఉప్పుగాలి సంగతీ ఉంది. ఉప్పులోని క్లోరైడు మామూలు 304 రకం స్టీలుకూ మచ్చలు తెస్తుంది. 2, 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం మెరుగ్గా ఆగుతుంది. అంత డబ్బు పోసి చివర్లో ఇనప మరలు బిగిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది.

తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాలి. ఇరుకు గదిలో మనిషి పడితే ఒళ్ళే తలుపుకు అడ్డుపడుతుంది, బయటివాళ్ళు నెట్టలేరు. గొళ్ళెం కూడా అవసరమైతే బయటినుంచి తీయగలిగేదై ఉండాలి. గడప తీసేసి, నేలకు మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఇస్తే నీళ్ళు బయటికి రావు.

స్నానానికి నేలమీది పీట వద్దు, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేయండి. బకెట్టు పెట్టడానికి ఆ ఎత్తులోనే ఒక గట్టు కట్టిస్తే చెంబు ముంచడానికి వంగక్కర్లేదు. వేణ్ణీళ్ళకు చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు తగ్గుతుంది. ఆ వెంటనే దిగ్గున లేస్తే కళ్ళు తిరగొచ్చు. అందుకే ఒళ్ళు తుడుచుకోవడమూ కూర్చునే.

కమోడ్ కొనే ముందు గుంత సంగతి చూడండి. వరలు దింపిన ఇంకుడు గుంతల మీద పెట్టిన గ్రామీణ బేసిన్‌కు ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళు చాలు. ఫ్లష్ ట్యాంకు కమోడ్ ఒకసారికి ఆరు లీటర్ల దాకా పోస్తుంది. భూగర్భజలం పైపైనే ఉండే తీర గ్రామంలో వానాకాలం గుంత అంత నీటిని పీల్చుకోలేదు, పక్కనే నుయ్యి ఉంటే ఇంకా చిక్కు. అలాంటి ఇంట్లో ఉన్న బేసిన్ మీదే కమోడ్ స్టూలు వేయడం మేలు. దాని కాళ్ళు చదును నేల మీదే ఆనాలి. కాళ్ళ చివర రబ్బరు బుష్షులు అరిగిపోతే, చేతులు ఆనించి లేచేటప్పుడు తడి నేల మీద స్టూలు జారుతుంది. అవి విడిగా దొరుకుతాయి, ఖరీదు కొద్దిపాటే.